సమాధుల తోట కింద ఇసుక

"లేవనంటే లేవనంటున్నారమ్మా. నువ్వొచ్చి చెప్తే ఏమన్నా వింటారేమో," అన్నాడు ఆశీర్వాదం, గుమ్మంలోనే నిలబడి మెడ తుడుచుకుంటూ.

ప్రిస్కిల్లా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీద అట్టు మాడుతోంది.

"ఎవరు, అత్తయ్యా? కాఫీ తాగి డాబా మీదికి వెళ్ళారు కదండీ."

"డాబా మీద లేరమ్మా, సమాధుల తోటలో ఉన్నారు. మేం గడ్డపారలు పట్టుకుని వెళ్ళేటప్పటికే మాస్టారి సమాధి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాస్టరయ్యగారు ప్రార్థన చేస్తే ఆమెన్ కూడా అన్నారు. ఇక లేవండి టీచరమ్మగారూ అంటే, మిగతావాళ్ళవి తీసుకోండి, ఆయన జోలికి రావద్దన్నారు. కూలోళ్ళు ఊరికే నిలబడున్నారు."

సంఘ పెద్ద ఆశీర్వాదానికి ఈ మాట చెప్పడానికి కూడా మొహమాటంగానే ఉంది. ఆయన రెండో తరగతి వరకు సువార్తమ్మ దగ్గరే చదువుకున్నాడు.

ప్రిస్కిల్లా స్టవ్ ఆపేసింది. గోదారి ఒడ్డు విరిగి, సమాధుల తోటలో ముందు వరస మొత్తం ఏట్లో పడిపోయాక, మిగిలిన సమాధులన్నీ రోడ్డు పక్క కొత్త స్థలానికి మార్చాలని సంఘం తీర్మానించింది. ఇవాళ మామగారు యెహెజ్కేలు మాస్టారి వంతు. తీర్మానం చేసిన రోజు సువార్తమ్మ అందరికంటే ముందు తలూపింది. కొత్త శవపేటికకి తెల్లగుడ్డ కూడా తనే కొని తెచ్చింది. ఇప్పుడేమో ఇదీ వరస.

"విన్నారా?" అంది ప్రిస్కిల్లా లోపలికి తిరిగి.

కిరణ్ కుమార్ వసారాలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మిమ్మల్నే. మీ అమ్మగారు అక్కడ భీష్మించుక్కూర్చుంటే, మీరు బూట్లు వేసుకుంటున్నారేంటి?"

"డ్యూటీ ఉంది."

"మీ నాన్నగారిని బయటికి తీసే రోజున కూడా డ్యూటీయేనా?"

"సెలవడిగాను. ఇవ్వలేదు. ఆపరేటర్ ఒక్కడే ఉంటే ఎలా ఇస్తారు? నువ్వూ, రాజూ ఉన్నారు కదా. నేనుంటే మాత్రం ఏం చేస్తాను?"

పెరట్లో పంపు దగ్గర పళ్ళు తోముకుంటున్న రాజ్ కుమార్ నురగ ఉమ్మేసి అందుకున్నాడు. "అవును వదినా. అన్నయ్య అక్కడ నిలబడి మాత్రం ఏం చేస్తాడు? తవ్వాల్సిందంతా కింద నుంచి తవ్వేశాడు కదా. ఇంక పైనుంచి తవ్వడానికి కూలోళ్ళు చాలు."

కిరణ్ బూటుతాడు వదిలేశాడు.

"ఒరేయ్, నువ్వు తింటున్న అట్టు ఆ మిషన్ పెడుతోందిరా."

"ఇంకా తినలేదులే. పళ్ళు తోముకుంటున్నాను."

"ఆపండి ఇద్దరూ," అంది ప్రిస్కిల్లా. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అంటుందో ఆమెకే తెలియదు. ఇసుక ర్యాంపులో తవ్వకాల పొక్లెయిన్ నడిపే మొగుడొకడు. ఐటీఐ చదివి, ఏ పనికీ వెళ్ళకుండా, ఇసుక తవ్వకాల మీద ఫోన్లో వీడియోలు పెట్టే మరిది ఒకడు. తను పోస్టాఫీసు పనికి పోతూ, ఇద్దరికీ ఒకే గిన్నెలో వండాలి. "ముందు పదండి. అత్తయ్య ఎండలో కూర్చున్నారు. కొట్టుకునేదేదో ఆవిడ ముందే కొట్టుకోండి, ఆవిడ కూడా చూస్తారు."

•

సమాధుల తోట ఏటిగట్టు దాటాక, గోదారి వైపు ఉంది. గట్టెక్కగానే ప్రిస్కిల్లా ఆగిపోయింది. ఆదివారం చూసినప్పుడు ఒడ్డుకీ మామగారి సమాధికీ మధ్య ఓ ఎడ్లబండి తిరిగేంత జాగా ఉంది. ఇప్పుడు మనిషి పడుకుంటే కాళ్ళు గాలిలో వేలాడతాయి. పెళ్ళలు పెళ్ళలుగా విరిగిన ఒండ్రుమట్టి కింద నీళ్ళలో ముద్దలుగా పడి ఉంది. వాటి మధ్య ఎవరిదో సిమెంటు సిలువ ఒకటి తలకిందులుగా కనిపిస్తోంది.

దానికి కాస్త దూరంలోనే, ఏటి ఇసుకలో, పచ్చరంగు పొక్లెయిన్ నిలబడి ఉంది. దాని వెనక టిప్పర్లు వరసగా ఆపరేటర్ కోసం కాచుకుని ఉన్నాయి.

సువార్తమ్మ గొడుగు కింద నిటారుగా కూర్చుని ఉంది. బడిలో పరీక్ష పెట్టినప్పుడు కూర్చున్నట్టే.

"అత్తయ్యా, ఇదేంటండి? మీరే ఒప్పుకున్నారు కదా. ఒడ్డు చూడండి ఎంత దగ్గరికొచ్చిందో. అసలు మీరిక్కడ కూర్చోకూడదు."

"ఒప్పుకున్నానమ్మాయ్. రాత్రంతా ఆలోచించాను, తప్పనిపించింది. ఇవాళ రోడ్డు పక్కకి మారుస్తారు. నాలుగేళ్ళు పోతే గోదారి రోడ్డు దగ్గరికొస్తుంది. అప్పుడెక్కడికి మారుస్తారు? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి బదిలీలే. చచ్చాక కూడా బదిలీలేనా?"

కూలోళ్ళలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు.

"అయితే ఏం చెయ్యమంటారు?" ప్రిస్కిల్లా గొంతులో విసుగు దాచుకోలేకపోయింది. "ఏట్లో కలిసిపోనిమ్మంటారా?"

"ఆ మిషన్ ఈ ఒడ్డు దగ్గర్నించి వెళ్ళిపోతే నేను లేస్తాను. అంతే."

అందరూ కిరణ్ వైపు చూశారు. అతను టిప్పర్ల వైపు చూస్తున్నాడు.

"అమ్మా, మిషన్ నాది కాదు. నేను నడిపేవాణ్ణి. అయినా ఒడ్డు విరగడం ఇప్పుడు కొత్తా? ఆనకట్ట గేట్లెత్తి వరదొచ్చినప్పుడల్లా విరుగుతూనే ఉంది. నేను పుట్టకముందు నుంచీ విరుగుతోంది."

"విరిగేది, నేను కాదనను. ఈ ఒడ్డున తీస్తే ఆ ఒడ్డున మేట వేసేది గోదారి. తీసిందేదో ఎప్పటికో తిరిగి ఇచ్చేది. ఆ మేట వేసిన ఇసుకని మీరు లారీలకెత్తుకుపోతున్నారు. ఇంకేం ఇస్తుంది?"

"నేను జెండాల లోపలే తవ్వుతున్నాను. గనుల ఆఫీసువాళ్ళు హద్దుకి పాతిన జెండాలు."

"ఆ జెండాలు పాతిన చోట లేవు బాబూ," అన్నాడు వెనకనుంచి ఎవరో. గంగరాజు. పక్క చేను అతనిది. దొండపందిరి సగం ఏట్లో పడిపోయినప్పటి నుంచీ అతను చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం కూడా మానేశాడు. "ఆఫీసువాళ్ళు పాతింది అదిగో, ఆ తుమ్మచెట్టుకి ఎదురుగా, ఏటి నడుమున. వాళ్ళు జీపెక్కగానే జెండాలు ఒడ్డు దగ్గరికి నడిచొచ్చేశాయి. వాటికి కాళ్ళున్నాయేమోనండి మరి."

"నేను మార్చలేదు గంగరాజుగారూ."

"నువ్వు మార్చావని నేనన్లేదు బాబూ. మారినట్టు నీకు తెలీదా అంటున్నాను."

రాజ్ కుమార్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టబోయాడు. ప్రిస్కిల్లా ఆ చేతిని పక్కకి తోసేసింది.

"కిరణూ," అంది సువార్తమ్మ. అది తల్లి గొంతు కాదు, టీచరు గొంతు. "ఆ మిషన్‌తో ఎంత లోతు తవ్వుతావు?"

"బకెట్ అందినంత."

"నీళ్ళు తగిలాక ఆపుతావా?"

"ఆపాలి." కాస్త ఆగి, "ఆపనివ్వరు," అన్నాడు.

"అంత లోతు తవ్వితే ఈ ఒడ్డుకేమవుతుంది?"

కిరణ్ తల్లి వైపు కాకుండా నేల వైపు చూసి చెప్పాడు. "పైన ఉన్నది ఒండ్రు, కింద ఉన్నది ఇసుక. గుంత లోతైతే ఆ కిందున్న ఇసుక జారి గుంతలోకొచ్చేస్తుంది. పైనున్న ఒండ్రుకి కాలు ఉండదు. నాలుగు రోజులకో, వరదకో, పడిపోతుంది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. రోజూ చూస్తున్నాను."

కింద టిప్పర్ డ్రైవరెవరో హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

కిరణ్ గట్టు దిగి ర్యాంపు బాటలో వెళ్ళిపోయాడు. వెళ్తున్నానని కూడా చెప్పలేదు.

"చూశావా వదినా," అన్నాడు రాజ్ కుమార్. "అన్నీ తెలుసు. తెలిసి కూడా వెళ్ళాడు."

"నువ్వు కాసేపు నోరుమూసుకుంటే నీకు పుణ్యముంటుంది రాజూ," అంది ప్రిస్కిల్లా.

•

పొక్లెయిన్ స్టార్టయిన చప్పుడు ఒడ్డు మీదికి వినిపించింది. సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. ఆశీర్వాదం కూలోళ్ళని పక్క సమాధి దగ్గరికి పంపేశాడు.

అప్పుడు గంగరాజే, "అదేంటండి," అన్నాడు.

మిషన్ గుంత వైపు తిరగలేదు. బకెట్ ఎత్తుకుని, గొలుసు చక్రాల మీద నెమ్మదిగా వెనక్కి నడిచింది. టిప్పర్ల పక్కనుంచి సాగి ర్యాంపు బాట సన్నగా ఉన్నచోటికి వెళ్ళి అడ్డంగా తిరిగింది. బకెట్ నేలకి ఆనించి ఆగిపోయింది. ఇంజిను చప్పుడు కూడా ఆగింది. లోపలికి వెళ్ళాల్సిన లారీలు అవతల, బయటికి రావాల్సిన టిప్పర్లు ఇవతల. హారన్లు మొదలయ్యాయి.

కిరణ్ కిందికి దూకి, హెల్మెట్ సీటు మీద పడేసి, వెళ్ళిన దారినే తిరిగి వచ్చాడు. నాన్న సమాధి అంచున కూర్చున్నాడు. ప్రిస్కిల్లాకి ఒక్క క్షణం అతని పక్కన కూర్చోవాలనిపించింది. మరుక్షణం, ఇలా చేస్తానని ముందే నాతో ఒక్క మాటన్నా అని ఉండొచ్చు కదా అనిపించి, నిలబడే ఉంది.

"తాళం నా దగ్గరే ఉంది," అన్నాడు కిరణ్, ఎవరితోనో తెలియకుండా.

కాసేపటికి బుల్లెట్ బండి మీద పల్లంరాజు వచ్చాడు. ర్యాంపు ఇన్‌ఛార్జి. ఇస్త్రీ నలగని చొక్కా, గట్టిగా మాట్లాడని మనిషి. చెప్పులు సమాధుల తోట గేటు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు.

"నమస్కారమండి టీచరమ్మగారూ. ఎండలో కూర్చున్నారేంటండి? మీవాడు చేసిందేమీ బాగాలేదండి. అక్కడ లారీలోళ్ళు నన్ను తిడుతున్నారు."

"వాడు చేసింది నేను చెయ్యమన్నదే," అంది సువార్తమ్మ. అది నిజం కాదు. కిరణ్ తలెత్తి చూశాడు.

"ఏం కావాలండి మీకు? సమాధులు మార్చుకోవడానికి కూలి మేమిస్తామని ముందే చెప్పాం కదండి."

"సమాధులు మార్చడం కాదు బాబూ. నీ మిషన్ మార్చు. జెండాలు ఎక్కడ పాతారో అక్కడికి పంపించు. ఒడ్డు జోలికి రావద్దు. నీళ్ళు తగిలాక తవ్వద్దు."

"నడుమునున్న మేట దగ్గరికి టిప్పర్ వెళ్ళదండి. దిగబడిపోద్ది."

"టిప్పరెందుకండి?" అన్నాడు గంగరాజు. "పడవలున్నాయి. మా చిన్నప్పుడు పడవలోళ్ళు మునిగి, బకెట్లతో తీసి, రేవుకి చేరవేసేవాళ్ళు. ఇసుకా వచ్చేది, ఒడ్డూ ఉండేది. ఇప్పుడు ఆ పడవలోళ్ళందరూ పనుల్లేక హైదరాబాదులో అపార్టుమెంట్లకి కాపలా కాస్తున్నారు. పిలిస్తే రేపొస్తారు."

"పడవల మీద రోజంతా తీసింది నాకు గంటలో కావాలండి. పైన అడుగుతున్నారు."

"అడిగేవాళ్ళకి ఇసుక కావాలి, గంటలో కావాలి. అది సరే," అంది సువార్తమ్మ. "గోదారికి ఎంత కావాలో ఎవరన్నా అడిగారా? ఏడాదికి ఎంత మేట వేస్తుందో అంతే తియ్యండి. ఇళ్ళు కట్టుకోవద్దని నేనన్నానా? మా ఇంటి గోడల్లోనూ ఈ ఇసుకే ఉంది. పోతే ఆ టిప్పర్లని ఏటిగట్టు మీద నడపడం మానిపించు. గట్టు కుంగితే సమాధులు కాదు, ఊరే పోతుంది. విరిగిన చోట మట్టి నిలవడానికి గంగరాజు రెల్లూ, వెదురూ వేస్తానంటున్నాడు. అడ్డం పడకు."

పల్లంరాజు అన్నిటికీ తలూపాడు. ఎక్కడా కాదనలేదు. అదే ప్రిస్కిల్లాకి నచ్చలేదు. కాదన్నవాడితో పోట్లాడొచ్చు. తలూపేవాడితో ఏం చెయ్యాలి?

"పైవాళ్ళతో మాట్లాడతానండి. ఇవాళ్టికి తవ్వడం ఆపించేస్తాను. సరేనా అండి? మీరు ఇంటికెళ్ళి భోంచెయ్యండి." కిరణ్ వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం రేపట్నించి రావక్కర్లేదు. తాళం నీ దగ్గరే ఉంచుకో, పర్లేదు. ఆఫీసులో ఇంకోటుంది."

అంత గొప్పగా తెచ్చిన తాళం కిరణ్ అరచేతిలో ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

పల్లంరాజు గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ రాజ్ కుమార్‌ని పిలిచాడు. ఇద్దరూ బండి దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. తిడుతున్నాడేమోననుకుంది ప్రిస్కిల్లా. వీడియోల గురించి అయి ఉంటుంది. కానివ్వు, వీడికీ కాస్త తెలిసొస్తుంది అనుకుంది.

•

మధ్యాహ్నం నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు. పప్పుచారు, చిక్కుడుకాయ కూర. పొద్దున్న మాడిన అట్టు వాసన ఇంకా వంటింట్లోంచి పోలేదు.

మిషన్ ఆగింది కాబట్టి సువార్తమ్మ ఇచ్చిన మాట ప్రకారం లేచి ఇంటికొచ్చింది. కూలోళ్ళు అప్పటికే వేరే సమాధులు చూసుకుని వెళ్ళిపోయారు. మాస్టారి సమాధి ఎక్కడిదక్కడే ఉంది.

"లెక్క చూస్తే ఏం మిగిలిందండి మనకి?" అంది ప్రిస్కిల్లా, అన్నం వడ్డిస్తూ. ఇక ఆపుకోలేకపోయింది. "మామయ్యని తియ్యలేదు. మీ ఉద్యోగం పోయింది. మిషన్ ఇవాళ్టికి ఆగింది. రేపు ఇంకోడు ఎక్కుతాడు. పొద్దున్నించీ అందరూ అందరితో పోట్లాడారు. తేలిందేంటి?"

"ఇంకోడు అంత తొందరగా దొరకడు," అన్నాడు కిరణ్. "చుట్టుపక్కల ఆపరేటర్లు లేరు. వారం పడుతుంది. ఈలోపు గంగరాజుగారూ, నేనూ వెళ్ళి కలెక్టరాఫీసులో చెప్తాం. ఎంత లోతు తవ్వానో నేనే చెప్తాను."

ఆ మాటకి సువార్తమ్మ కొడుకు కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. ఆమె అతనికి వడ్డించి ఎన్నాళ్ళయిందో.

రాజ్ కుమార్ అన్నం కలుపుతూనే ఉన్నాడు. తినడం లేదు.

"ఏంట్రా, నీ వీడియో పెట్టలేదా?" అన్నాడు కిరణ్, చాలా రోజుల తరవాత కాస్త నవ్వుతూ.

"అన్నయ్యా, ఒక మాట." రాజ్ కుమార్ కంచంలోకే చూస్తున్నాడు. "రేపట్నించి నన్ను రమ్మన్నాడు పల్లంరాజుగారు. మిషన్ మీదికి."

కిరణ్ ముద్ద కంచంలో పెట్టేసి తమ్ముడి వైపు తిరిగాడు.

"నాకు నడపడం నువ్వే నేర్పించావు కదా. సరేనన్నాను. ఊరికే అన్లేదు. జెండాలు అసలు పాతిన చోట పాతితేనే వస్తానని చెప్పాను. ఒడ్డు వైపు బకెట్ వెయ్యనని కూడా చెప్పాను. ఒప్పుకున్నాడు. బయటినుంచి అరిస్తే ఏమవుతుంది వదినా? లోపల మనవాడు ఒకడుంటే కదా ఆపగలిగేది."

ప్రిస్కిల్లా గరిటె గిన్నెలో పెట్టేసింది. కోపం రాలేదు. అలసట వచ్చింది.

"మీ అన్నయ్య చేరిన రోజున ఇక్కడే, ఇదే మాట చెప్పాడు రాజూ. మనవాడు లోపలుంటే మంచిదని."

"అన్నయ్య వేరు."

"నాతోనూ ఒప్పుకున్నాడురా," అన్నాడు కిరణ్. గొంతు పైకి లేవలేదు. "అన్నిటికీ ఒప్పుకుంటాడు. మొదటి నెల జెండాలు నడుముననే ఉంటాయి. తరవాత ఒకరోజు లారీలు ఎక్కువొస్తాయి. ఈ ఒక్కరోజుకి కాస్త ఇటు జరుపుకో అంటాడు."

"నేను జరపను."

"నేనూ అలాగే అనుకున్నాను."

"అయితే ఏం చెయ్యమంటావు?" రాజ్ కుమార్ కంచం ముందుకి తోశాడు. "నువ్వూ మానేశావు. ఇద్దరం ఇంట్లో కూర్చుందామా? వదిన పోస్టాఫీసు పని మీద బతుకుదామా? ఎవడో ఒకడు ఎక్కుతాడు. బయటివాడెవడో ఎక్కే బదులు..."

"చాలు," అంది సువార్తమ్మ.

ఆమె సగం అన్నం వదిలేసి లేచింది. చేయి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొద్దున్న సమాధుల తోటలో కనపడని ముసలితనం ఇప్పుడు ఆమె ముఖంలో కనపడింది.

"అమ్మాయ్, ఆశీర్వాదానికి ఫోన్ చెయ్యి. కూలోళ్ళని మళ్ళీ పిలిపించమను. మీ మామయ్యని ఇప్పుడే తీసేద్దాం, పొద్దు వాలకముందే."

ప్రిస్కిల్లా అర్థం కానట్టు చూసింది. "పొద్దున్నించీ వద్దని కూర్చుంది మీరే కదా అత్తయ్యా."

"పరాయివాడు తవ్వుతుంటే అడ్డం కూర్చోగలను. ఏరు తీసుకుపోతే ఏరే కదా అనుకోగలను. ఒకడి తరవాత ఒకడు నా కడుపున పుట్టినవాళ్ళే వెళ్ళి ఆయన కింద తవ్వుతామంటే, ఆయన్ని అక్కడ ఏ ధైర్యంతో ఉంచను?"

ప్రిస్కిల్లా ఫోన్ అందుకుంది. ఆశీర్వాదం రెండోసారికి ఎత్తాడు. కూలోళ్ళు కొవ్వూరు బస్సెక్కి వెళ్ళిపోయారని, మళ్ళీ దొరకడం కష్టమని, ఇంటి మగవాళ్ళే రావాలని చెప్పాడు. ఆమె ఆ మాట ఉన్నదున్నట్టు అందరికీ వినపడేలా చెప్పింది.

కిరణ్ లేచాడు. పెరట్లోకి వెళ్ళి పార ఒకటి, గడ్డపార ఒకటి తెచ్చాడు. పార తను పట్టుకుని, గడ్డపార తమ్ముడి పక్కన గోడకి ఆనించాడు.

"పదరా రాజూ. నాన్నని మనిద్దరం తెచ్చేద్దాం. రేపటి సంగతి దారిలో మాట్లాడుకుందాం."

సువార్తమ్మ అప్పటికే తెల్లగుడ్డ తీసుకుని వీధిలోకి దిగింది. కిరణ్ ఆమె వెనకే నడిచాడు. ప్రిస్కిల్లా గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి చూసింది.

రాజ్ కుమార్ ఎంగిలి చేయి అలాగే ఎండిపోతోంది. పక్కనున్న గడ్డపార వైపు చూస్తున్నాడు. అతను లేవలేదు.